మద్యం డిపోల పాత సాఫ్ట్‌వేర్‌ను మార్చడం ఎలా? గేటు నుంచి సర్వర్ దాకా ఒక సమగ్ర మార్గదర్శి

ఏ మద్యం డిపోకి వెళ్లినా నేను ముందు కంప్యూటర్ వైపు చూడను. కంప్యూటర్ పక్కన పెట్టిన నోట్‌బుక్ వైపు చూస్తాను. అట్ట చిరిగిన పొడుగు పుస్తకం, మధ్యలో పెన్ను, పేజీలకు అడ్డంగా స్కేలుతో కొట్టిన గీతలు. ఒక డిపోలో డేటా ఎంట్రీ ఆపరేటర్‌ను అడిగాను: "ఇవన్నీ సిస్టమ్‌లో ఉన్నాయి కదమ్మా, మళ్లీ ఎందుకు రాస్తున్నావు?" ఆమె తల కూడా ఎత్తకుండా చెప్పింది: "సిస్టమ్‌లోది ఆఫీసుకి సార్. సాయంత్రం స్టాకు టాలీ అయ్యేది దీంతోనే."

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. పాత సాఫ్ట్‌వేర్‌ను ఎలా మార్చాలో చెప్పే పత్రాలు చాలావరకు సర్వర్‌తో మొదలై సర్వర్‌తోనే ముగుస్తాయి. ఆ నోట్‌బుక్ సంగతి ఎవరూ ఎత్తరు. అందులో రాసే పని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి రాకపోతే, మీరు ఎంత ఖర్చు పెట్టినా పాత వ్యవస్థ ఆ పుస్తకంలో బతికే ఉంటుంది.

ముందు రంగం సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో బేవరేజెస్ కార్పొరేషన్ ఏర్పడింది. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాలకు రెండు కార్పొరేషన్లు అయ్యాయి. డిస్టిలరీలు, బ్రూవరీల నుంచి సరుకు కొని, డిపోల్లో నిల్వ చేసి, లైసెన్సు ఉన్న షాపులకు, బార్లకు అమ్మే హోల్‌సేల్ పని వీటిదే. తెలంగాణలో ఏ4 షాపులు, అంటే లైసెన్సు ఉన్న చిల్లర మద్యం దుకాణాలు, 2,620. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో ప్రైవేటు షాపుల విధానం తిరిగి వచ్చినప్పుడు నోటిఫై చేసినవి 3,396. తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, కాబట్టి ఎక్సైజ్ సుంకం, వ్యాట్ రెండూ ఈ గొలుసులోంచే ఖజానాకు వెళ్తాయి. డిపోలో సాఫ్ట్‌వేర్ ఒక పూట ఆగితే లారీలతో పాటు రాష్ట్రానికి రావాల్సిన డబ్బు కూడా ఆగుతుంది. అందుకే దీన్ని మార్చాలంటే అందరికీ టెన్షన్. పదేళ్లు, పదిహేనేళ్లు వాయిదా పడేదీ అందుకే.

అడుగు 1: నోట్‌బుక్ చదవండి

కనీసం మూడు డిపోలు ఎంచుకోండి: నగరంలో బాగా రద్దీగా ఉండేది ఒకటి, జిల్లా కేంద్రంలో ఒకటి, నెట్ సరిగా రాని దూరప్రాంతంలో ఒకటి. ఒక్కో దాంట్లో వారం రోజులు కూర్చోండి. తెరిచే వేళకు ముందే వెళ్లి, చివరి లారీ కదిలాకే రండి. హెడ్డాఫీసులో మీటింగ్ పెట్టి "మీ అవసరాలు చెప్పండి" అని అడిగితే, ఉన్న రిపోర్టులనే ఇంకాస్త అందంగా ఇమ్మంటారు. డిపోలో కూర్చుంటేనే అసలు పని కనిపిస్తుంది.

నోట్‌బుక్‌లో ప్రతి గడికీ ఒక కారణం ఉంటుంది, అది అడిగి రాసుకోండి. నేను చూసినవాటిలో ఎక్కువగా ఉండేవి ఇవి: దించేటప్పుడు పగిలిన సీసాల లెక్క, ఏ బ్రాండ్ ఏ వరుసలో పెట్టారన్న గుర్తులు, డబ్బు కట్టినా సిస్టమ్‌లో ఇంకా ఎక్కని షాపుల పేర్లు, గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగిన లారీల నంబర్లు. పగిలిన సీసాల గడి ఎందుకుందంటే, పాత సాఫ్ట్‌వేర్ కేసుల లెక్కనే తీసుకుంటుంది, విడి సీసాల లెక్క తీసుకోదు. నలభై ఎనిమిది సీసాల పెట్టెలో రెండు పగిలితే దాన్ని నిండు పెట్టెగానైనా చూపించాలి, లేదా మొత్తంగానైనా తీసెయ్యాలి. ఆపరేటర్ ఏం చేస్తాడు? పగిలినవి పోగుచేసి, ఒక పెట్టెకు సరిపడా అయ్యాక ఒకేసారి ఎంట్రీ చేస్తాడు. అప్పటిదాకా కంప్యూటర్‌లోని స్టాకుకూ గోడౌన్‌లోని స్టాకుకూ పొంతన ఉండదు. ఆడిట్ వాళ్లు వచ్చినప్పుడు అతను దొంగలా నిలబడాలి. తప్పు సాఫ్ట్‌వేర్‌ది.

అడుగు 2: ఒక సీసా నడిచే దారి గీయండి

ఒక్క క్వార్టర్ సీసాను తీసుకుని, బాట్లింగ్ లైను నుంచి షాపు కౌంటర్ దాకా ఎన్ని చేతులు మారుతుందో కాగితం మీద గీయండి. చెయ్యి మారిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు ఇచ్చారు? ఎవరు పుచ్చుకున్నారు? రుజువు ఏమిటి? కార్పొరేషన్ ఇచ్చే ఆర్డర్ ఫర్ సప్లై, రవాణా పర్మిట్, డిపో గేటు ఎంట్రీ, అన్‌లోడింగ్, షాపు ఇండెంట్ (కావలసిన సరుకు కోసం షాపు పెట్టే ఆర్డర్), డబ్బు, డెలివరీ చలాన్, గేట్ పాస్ అన్నీ ఆ బొమ్మలో ఉండాలి.

ఇక్కడే కొలతల చిక్కు వస్తుంది. డిపో వాళ్లు కేసుల్లో మాట్లాడతారు, ఎక్సైజ్ వాళ్లు బల్క్ లీటర్లలో (ద్రవం మొత్తం పరిమాణం), ప్రూఫ్ లీటర్లలో (ఆల్కహాల్ బలాన్ని బట్టి కట్టే లెక్క) మాట్లాడతారు. 750 మిల్లీలీటర్ల సీసాలు 12 ఉన్న కేసు 9 బల్క్ లీటర్లు. 180 మిల్లీలీటర్లవి 48 ఉన్న కేసు 8.64. బీరు 650వి 12 ఉంటే 7.8. మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్ ఉండే విస్కీ, బ్రాందీల్లో 9 బల్క్ లీటర్లంటే 6.75 ప్రూఫ్ లీటర్లు. ఏదో ఒక పాత రిపోర్టులో ఎవరో 8.64ను 8.6కు కుదించి ఉంటే కేసుకు 40 మిల్లీలీటర్లు పోతుంది. పదివేల కేసులకు అది 400 లీటర్లు, అంటే దాదాపు 46 కేసులు. ఒక్క సీసా కూడా ఎక్కడికీ పోలేదు, లెక్కలో మాత్రం లేవు. కాబట్టి డేటాబేస్‌లో మూల కొలతగా సీసాను పెట్టండి. కేసులూ లీటర్లూ దాని నుంచి లెక్కగట్టి చూపించాలి, విడిగా ఎవరూ టైపు చెయ్యకూడదు.

అడుగు 3: మాస్టర్ డేటా శుభ్రం చేయండి

మాస్టర్ డేటా అంటే బ్రాండ్లు, షాపులు, జిల్లాలు, ధరల లాంటి మూల పట్టికలు. మొత్తం ప్రాజెక్టులో విసుగు పుట్టించే పని ఇదే. సగం గెలుపు కూడా ఇందులోనే ఉంది. దీన్ని చివరి నెలకు వదిలేసిన ప్రాజెక్టు ఏదీ సుఖంగా ముగియడం నేను చూడలేదు.

బ్రాండ్ల పట్టికతో మొదలుపెట్టండి. ఒకే సరుకు మూడు కోడ్‌లతో ఉంటుంది: లేబుల్ మారినప్పుడు ఒకటి, గాజు సీసా నుంచి ప్లాస్టిక్ సీసాకు మారినప్పుడు ఒకటి, ఎవరో పొరపాటున తెరిచింది ఒకటి. కోడ్‌లు కలిపేటప్పుడు పాతవి చెరిపేయకండి. పాత చలాన్లు, కోర్టు కేసులు వాటి మీదే ఉంటాయి. పాత కోడ్ ఏ కొత్త కోడ్‌కు చెందుతుందో చూపే పట్టిక ఒకటి శాశ్వతంగా ఉంచండి.

తర్వాత జిల్లాలు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో షాపు కోడ్‌లోనే జిల్లా నంబరు ఇరికించి ఉంటే, ఆ షాపు ఇప్పుడు ఏ జిల్లాదో కోడ్ చెప్పదు, కొన్నిచోట్ల తప్పు చెబుతుంది. షాపు గుర్తింపు సంఖ్యలో జిల్లా, మండలం, స్టేషన్ లాంటి అర్థాలేవీ పెట్టకండి. జిల్లాను తేదీతో సహా పక్క పట్టికలో పెట్టండి: ఫలానా రోజు నుంచి ఫలానా జిల్లా అని.

ధరలు కూడా అంతే. 2020 మేలో లాక్‌డౌన్ తర్వాత షాపులు తెరిచినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మొదట 25 శాతం, వెనువెంటనే మరో 50 శాతం, మొత్తం 75 శాతం ధర పెరిగింది. అదే వారంలో తెలంగాణ కూడా పెంచింది. అలాంటి వారంలో డిపోలో ఏం జరుగుతుందో ఊహించండి. సీసా మీద అచ్చయిన ధర ఒకటి, ఉత్తర్వులోది ఒకటి, నిన్న డబ్బు కట్టి ఈ రోజు సరుకు తీసుకెళ్తున్న షాపుకు వర్తించేది ఏది? ఆ జవాబు ఉత్తర్వు నుంచి తీసుకుని, ధరల పట్టికలో 'ఏ తేదీ, ఏ గంట నుంచి' అన్న గడిలో పెట్టాలి. పాత ధర మీద కొత్తది దిద్దే సాఫ్ట్‌వేర్ అయితే, ఆరు నెలల తర్వాత వచ్చిన ఆడిట్ పేరాకు జవాబిచ్చే ఆధారమే మిగలదు.

ఇంకొక్క చిన్న సంగతి. షాపు పేర్లు, లైసెన్సుదారుల చిరునామాలు అను అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఉంటే, అవి ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్ కావు. తరలించగానే అర్థం లేని గుర్తులవుతాయి. మార్చే పరికరాలు ఉన్నాయి కానీ ఒత్తులు, క్ష, జ్ఞ దగ్గర తప్పుతాయి. తెలుగు బాగా చదవగలిగిన ఇద్దరిని కూర్చోబెట్టి వరుసగా చదివించండి.

అడుగు 4: ముందు ఏది మార్చాలి?

అన్నీ ఒకేసారి మార్చొద్దు. నా వరుస ఇది: మొదట గేటు, గోడౌన్ స్టాకు. తర్వాత ఇండెంట్లు, చెల్లింపులు. ఆ తర్వాత సరఫరాదారుల ఆర్డర్లు, బిల్లులు. చివరగా పైవాళ్లు చూసే డాష్‌బోర్డు. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. ప్రారంభోత్సవానికి డాష్‌బోర్డు బాగుంటుంది కాబట్టి ముందు అదే కడతారు. కింద స్టాకు తప్పుగా ఉంటే, ఆ తప్పే పైన రంగుల్లో కనిపిస్తుంది.

అడుగు 5: టెండర్‌లో ఈ మాటలు తప్పకుండా రాయండి

డేటా కార్పొరేషన్‌ది. కాంట్రాక్టు ముగిసిన రోజు మొత్తం డేటాను, పట్టికల వివరణతో సహా, ఎవరైనా తెరవగల ఫార్మాట్‌లో ఇవ్వాలి. ప్రత్యేకంగా రాయించిన సోర్స్ కోడ్ కార్పొరేషన్ దగ్గర ఉండాలి. ఏడాదికోసారి ఆ కోడ్‌తో మరో సర్వర్ మీద సాఫ్ట్‌వేర్‌ను నిలబెట్టి చూపించాలి. ఈ చివరి షరతు లేకపోతే మీ చేతికి వచ్చేది ఒక సీడీ, అందులో పనిచెయ్యని ఫైళ్లు.

సీసా మూత మీద అంటించే హోలోగ్రామ్ లేబుళ్లు అచ్చువేసే సంస్థ, వాటి నిజానిజాలు తేల్చే సాఫ్ట్‌వేర్ నడిపే సంస్థ ఒకటే కాకూడదని నా గట్టి అభిప్రాయం. తూకం వేసేవాడే రాళ్లు కూడా తయారుచేస్తే తనిఖీకి అర్థం ఉండదు.

భద్రత విషయంలో సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తించిన ఆడిటర్‌తో పరీక్ష చేయించాలి. 2022 ఏప్రిల్ 28న వచ్చిన సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లు, అంటే సిస్టమ్‌లో ఎప్పుడు ఏం జరిగిందో చెప్పే నమోదులు, 180 రోజులు భద్రపరచాలి. ఆ పని ఎవరిదో పేరుపెట్టి కాంట్రాక్టులో రాయండి. మానిటర్ అంచుకు చీటీ అంటించి, దాని మీద పాస్‌వర్డ్ రాసి, నలుగురూ ఒకే లాగిన్‌తో పనిచేసే డిపోలు చూశాను. ఎవరి లాగిన్ వాళ్లకు ఉండాలి. అది వేలిముద్రతోనో కార్డుతోనో రెండు సెకన్లలో అయిపోవాలి. ఆలస్యమైతే చీటీ మళ్లీ వస్తుంది.

అడుగు 6: నెట్ పోయినా గేటు ఆగకూడదు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అంత పెద్ద ఉపద్రవం అక్కర్లేదు, రోడ్డు తవ్వకంలో కేబుల్ తెగినా చాలు.

కాబట్టి ప్రతి డిపోలో ఒక చిన్న స్థానిక సర్వర్, కనీసం ఒక రోజు పని నడిపించగలిగే విధంగా ఉండాలి. సరుకు దించుకోవడం, ముందే డబ్బు కట్టి ఆమోదం పొందిన ఇండెంట్లకు సరుకు ఇవ్వడం ఆఫ్‌లైన్‌లో సాగాలి. కొత్త ఇండెంట్లు మాత్రం ఆపేయండి, బ్యాంకు నిర్ధారణ లేకుండా సరుకు వదలడం ప్రమాదం. చలాన్ నంబర్లు ఒక్కో డిపోకు విడి వరుసలో ఉండాలి, లేకపోతే నెట్ వచ్చాక రెండు డిపోల్లో ఒకే నంబరు బయటపడుతుంది. ఒకే చలాన్ రెండుసార్లు పైకి చేరినా ఒక్కసారే నమోదయ్యేలా చూడండి. ఇది పరీక్షించడానికి ప్రోగ్రామర్లు అక్కర్లేదు. మధ్యాహ్నం రద్దీలో కేబుల్ పీకి, గంట తర్వాత పెట్టి, లెక్క సరిపోయిందో లేదో చూడండి.

అడుగు 7: డబ్బు దారి

పాత సాఫ్ట్‌వేర్లలో 'డే ఎండ్' అనేది ఒకటుంటుంది. సాయంత్రం బ్యాంకు మూసేశాక రోజును ముగించడం. ఆ ఆలోచనే ఇప్పుడు చెల్లదు. బ్యాంకుల మధ్య డబ్బు పంపే నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి 24 గంటలూ నడుస్తున్నాయి. షాపు యజమాని రాత్రి పదకొండున్నరకు డబ్బు పంపి, పొద్దున్నే లారీతో గేటు ముందు ఉంటాడు. సిస్టమ్‌లో ఆ డబ్బు కనిపించదు. అతను ఫోన్లో బ్యాంకు మెసేజ్ చూపిస్తాడు, ఆపరేటర్ ఆ పేరు నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. డబ్బు ఎక్కని షాపుల గడి పుట్టింది ఇక్కడే.

దీనికి మార్గం ప్రతి షాపుకు ఒక వర్చువల్ ఖాతా నంబరు (డబ్బు ఎవరిదో గుర్తించడానికి ఇచ్చే విడి నంబరు) ఇవ్వడం. ఆ ఖాతాకు వచ్చిన డబ్బు ఎవరిదో ఒక్కో బదిలీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు టైపు చెయ్యకుండానే తెలుస్తుంది. డే ఎండ్ బదులు ప్రతి చెల్లింపుకూ అది వచ్చిన గంట, నిమిషం నమోదు చెయ్యండి. అకౌంట్స్ వాళ్లకు రోజువారీ లెక్క కావాలంటే రాత్రి పన్నెండుకు గీత గీసి రిపోర్టు ఇవ్వొచ్చు, పని మాత్రం ఆగనక్కర్లేదు.

అడుగు 8: ఆర్డర్లలో మనిషి చెయ్యి కనిపించాలి

ఏ కంపెనీకి ఎన్ని కేసులు ఆర్డర్ ఇవ్వాలన్నది ఈ వ్యవస్థలో అన్నిటికన్నా సున్నితమైన నిర్ణయం. గడిచిన నెలల్లో షాపులు ఎత్తుకున్న సరుకు, ఇప్పుడు డిపోలో ఉన్న నిల్వ, దారిలో ఉన్నది, ఈ మూడింటి నుంచి సిస్టమ్ ఒక సంఖ్య చెప్పాలి. ఆ సూత్రం అందరికీ, సరఫరాదారులకు కూడా, తెలిసి ఉండాలి. అధికారి దాన్ని మార్చొచ్చు, పండగలూ కొత్త బ్రాండ్లూ సూత్రానికి అందవు. కానీ మార్చిన ప్రతిసారీ సిస్టమ్ చెప్పిన సంఖ్య, మార్చిన సంఖ్య, పేరు, సమయం, కారణం చెరపలేని విధంగా నమోదు కావాలి. నిజాయితీగా పనిచేసే అధికారికి ఇదే రక్షణ. ఆ నమోదు లేకపోతే రేపు ఎవరో వేలెత్తి చూపినప్పుడు ఆయన దగ్గర తన మాట తప్ప ఇంకేమీ ఉండదు.

అడుగు 9: సీసా మీది లేబుల్

మన రెండు రాష్ట్రాల్లోనూ సీసా మూత మీద హీల్ అని పిలిచే ఎక్సైజ్ హోలోగ్రామ్ లేబుల్, దాని మీద కోడ్ ఉంటాయి. సీసాల కోడ్‌లన్నీ పెట్టె కోడ్‌కు ముడిపడి ఉంటాయి. డిపోలో పెట్టె ఒక్కటి స్కాన్ చేస్తే లోపలి 48 సీసాలూ లెక్కలోకి వస్తాయి.

ముడి తెగేది బాట్లింగ్ లైను దగ్గర. లైను మీద ఒక సీసా పగులుతుంది, పక్క పెట్టెలోంచి ఇంకోటి తీసి పెడతారు, కోడ్ మార్చరు. ఆ తప్పు షాపులో స్కాన్ చేసినప్పుడు 'ఈ సీసా మీది కాదు' అని బయటపడుతుంది, నింద షాపు మీద పడుతుంది. అందుకే దించేటప్పుడు ప్రతి లారీలో కొన్ని పెట్టెలు, ఏవో సిస్టమే ఎంచి చెప్పి, తెరిచి లోపలి సీసాలు స్కాన్ చేయించాలి. హమాలీలు ఎదురుచూస్తుంటారు, ఇది పది నిమిషాల్లో అయ్యేలా చూడండి.

2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక, జనమే సీసా స్కాన్ చేసి చూసుకునేలా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎక్సైజ్ సురక్ష యాప్ తెచ్చింది. జనం చేతికి స్కానర్ వచ్చిందంటే వెనకున్న డేటా ఆ క్షణానికి నిజమై ఉండాలి. అసలు సీసాను యాప్ నకిలీ అని నాలుగుసార్లు చెప్పిందంటే ఐదోసారి ఎవరూ స్కాన్ చెయ్యరు, అప్పుడు నిజమైన నకిలీ దొరకదు. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

అడుగు 10: మార్పు రోజు

క్యాలెండర్ ముందు పెట్టుకోండి. ఎండాకాలం వద్దు, బీరు లారీలు వరుస కట్టి ఉంటాయి. దసరా ముందు వద్దు. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చాయి, అలాంటప్పుడు ముందు రోజుల్లో డిపోల మీద పడే ఒత్తిడి చెప్పనలవి కాదు. డిసెంబరు చివరి వారం వద్దు. లైసెన్సులు మారే నెల వద్దు, ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు అసలే వద్దు. శ్రావణం మంచిది. చాలా ఇళ్లలో నీసు, మందు ముట్టని నెల, గోడౌన్‌లో ఊపిరి పీల్చుకునే వీలుంటుంది.

2020 మే చివర్లో కేరళ మద్యం అమ్మకాలు తిరిగి మొదలుపెట్టినప్పుడు, క్యూలు తగ్గించడానికి బెవ్‌క్యూ అనే టోకెన్ల యాప్‌ను రాష్ట్రమంతా ఒకేసారి వదిలారు. ఓటీపీలు రాక మొదటి రోజుల్లోనే జనం అవస్థపడ్డారు. 2021 జనవరిలో దాన్ని ఆపేశారు. ఉద్దేశం మంచిదే. కానీ రాష్ట్రం మొత్తం ఒకే గంటలో తలుపు తట్టింది.

మీరు ఒక్క డిపోతో మొదలుపెట్టండి. ముందు రాత్రి అమ్మకాలు ఆగాక సీసా సీసా లెక్కపెట్టండి. డిపో మేనేజరు, ఎక్సైజ్ అధికారి, సాఫ్ట్‌వేర్ వాళ్లు ముగ్గురూ ఆ కాగితం మీద సంతకం చెయ్యాలి. కొత్త సిస్టమ్‌లో ప్రారంభ నిల్వ ఆ కాగితంలోదే, పాత కంప్యూటర్‌లోది కాదు. రెండు వారాలు రెండు సిస్టమ్‌లూ నడపండి. రోజూ సాయంత్రం మూడు సంఖ్యలు పోల్చండి: బ్రాండ్ల వారీగా మిగిలిన సీసాలు, ఆ రోజు చలాన్ల మొత్తం, షాపుల ఖాతాల్లో మిగిలిన డబ్బు. తేడా వస్తే కారణం దొరికేదాకా రెండో డిపోకు వెళ్లకండి. రెండు వారాలకు మించి మాత్రం రెండూ నడిపించొద్దు, డబుల్ ఎంట్రీతో ఆపరేటర్లు అలసిపోయి తప్పులు పెరుగుతాయి.

అడుగు 11: ఆపరేటర్లు

వాళ్లలో చాలామంది అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులు. కొత్త సాఫ్ట్‌వేర్ అనగానే వాళ్లకు వినిపించేది "మన ఉద్యోగాలు పోతాయి" అని. మొదటి రోజే, రాతపూర్వకంగా, వాళ్ల సంగతి ఏమిటో చెప్పించండి. మొదటి డిపో ఆపరేటర్లనే తర్వాతి డిపోలకు శిక్షకులుగా పంపి, ఆ రోజులకు అదనంగా డబ్బు ఇవ్వండి. ఇంజనీరు రెండు గంటలు స్లైడ్లు చూపించి చెప్పేది, పక్క డిపో నుంచి వచ్చిన అమ్మాయి స్క్రీన్ ముందు కూర్చుని పది నిమిషాల్లో చెబుతుంది. తెర మీద మాటలు తెలుగులో, డిపోలో వాడే పదాలతోనే పెట్టండి. వాళ్లు 'బ్రేకేజీ' అంటే బ్రేకేజీ అనే రాయండి, 'భగ్న సరుకు' అనొద్దు.

అడుగు 12: పాతదాన్ని మూయడం

పాత సర్వర్‌ను చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చి ఉంచండి. పాత సంవత్సరాల ఆడిట్లు, కోర్టుల్లో నడుస్తున్న ఎక్సైజ్ కేసులు, సరఫరాదారులతో బిల్లుల పేచీలు తేలేదాకా అది కావాలి. బ్యాకప్ తీశామంటే చాలదు, ఆ బ్యాకప్ నుంచి ఏదో ఒక పాత చలాన్‌ను బయటికి తీసి, ప్రింట్ చేసి చూడండి.

డిపోల్లోని నోట్‌బుక్‌లు కూడా పారెయ్యకండి, స్కాన్ చేసి తేదీలతో భద్రపరచండి. ఆరు నెలలయ్యాక, చెప్పకుండా, మొదటి డిపోకు మళ్లీ వెళ్లండి. కంప్యూటర్ పక్కన కొత్త నోట్‌బుక్ కనిపిస్తే ఎవరినీ మందలించొద్దు. కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టండి.